గడపగడపకీ తిరిగిన మీటింగు

చినగెడ్డపాలెం ప్రాథమిక పాఠశాలకి ఒక కమిటీ ఉంది. పిల్లల తల్లిదండ్రుల్లోంచి ఎన్నుకున్న పదిహేను మంది సభ్యులు, అందులో సగానికి పైగా ఆడవాళ్ళు. ఆ కమిటీ ఊఁ అంటే తప్ప బడిలో చీపురుకట్ట కూడా ఇటునుంచి అటు కదలకూడదని ప్రభుత్వం వారు పుస్తకం అచ్చువేసి మరీ పంచారు. ఏ గోడ ముందు కట్టాలి, వంట ఎవరు వండాలి, మేస్టార్లు వేళకి వస్తున్నారా లేదా, అన్నీ చూసే అధికారం వాళ్ళదే. ఎన్నికైన కొత్తలో అనకాపల్లిలో ఒక పూట ట్రైనింగు కూడా ఇచ్చారు. ఆ ట్రైనింగులో ఏం చెప్పారని అడిగితే మాత్రం, వంకాయ కూరలో ఉప్పు తక్కువైందన్న సంగతి తప్ప ఎవరికీ ఏమీ గుర్తులేదు.

ఇంత అధికారం ఉన్న కమిటీ, కొత్తదిగానీ దాని ముందుదిగానీ ఆ ముందుదిగానీ, అందరూ ఒకచోట కూర్చున్న పాపాన ఎన్నడూ పోలేదు. అయినా నెలనెలా మీటింగు మాత్రం తప్పకుండా జరిగేది. ఎలా జరిగేదో అప్పలకొండమ్మకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఎందుకంటే మీటింగంటే ఆవిడే.

అప్పలకొండమ్మ ఆ బడిలో పిల్లలకి మధ్యాహ్నం అన్నం వండుతుంది. ఆవిడ కమిటీ సభ్యురాలు కాదు. చదువు రెండో తరగతితో ఆగిపోయింది, అదీ ఈ బడిలోనే, ఇది తాటాకు పాకగా ఉన్న రోజుల్లో. ఇప్పుడున్న నలభై ఒక్కమంది పిల్లల్లో ఎవడు గుడ్డులో పచ్చసొన తీసి పక్కవాడి కంచంలో పారేస్తాడో, ఎవరికి పప్పు నీళ్ళలా ఉంటేనే దిగుతుందో ఆవిడకి తెలుసు. వాళ్ళ అన్నలూ అక్కలూ ఏం పారేసేవారో కూడా తెలుసు.

ఈ మీటింగు వ్యవహారం ఎలా మొదలైందంటే, వెనక ఒక హెడ్మిస్ట్రెస్ ఉండేది. సన్నగా, ఎప్పుడూ దగ్గుతూ ఉండేది పాపం. ఆవిడ చెరకు నరికే రోజుల్లో మీటింగు పెట్టింది. ఒక్కరూ రాలేదు. బెల్లం పొయ్యి మీద ఉంటే బడికెవరొస్తారు? అప్పుడావిడ మినిట్స్ పుస్తకం అప్పటి వంటమనిషికిచ్చి, ఇంటింటికీ పంపించి సంతకాలు చేయించింది. ఆ ఒక్కసారికే అనుకుంది. చెరకు అయ్యాక ఊడ్పులొచ్చాయి, ఊడ్పులయ్యాక అచ్యుతాపురంలో కంపెనీలొచ్చాయి, ఊళ్ళో సగం మంది ఆడవాళ్ళు తెల్లారకుండానే కంపెనీ బస్సులెక్కడం మొదలుపెట్టారు. పుస్తకం నడుస్తూనే ఉంది. వంటమనిషి మారింది, హెడ్మాస్టర్లు మారారు, పుస్తకం గుమ్మంలోకొచ్చిందంటే మీటింగు అయిపోయిందని అర్థం, అంతే.

ఎండలో ఆ చివరనుంచి ఈ చివరదాకా నడిచొచ్చిన మనిషికి ఎవరైనా ముందు మంచినీళ్ళిస్తారు, తరవాత మజ్జిగిస్తారు, ఆ తరవాత సంతకం పెడతారు. ఇందులో ఏం రాసుందని అడగడమా? అలా అడిగితే అప్పలకొండమ్మని అనుమానించినట్టు కాదూ! ఆ ఊళ్ళో ఎవరికీ అంత మాట నోటికి రాదు.

కొత్తమావాస్య జాతర వెళ్ళిన వారంలో హెడ్మాస్టరు సూర్యనారాయణ గారు వంటపాక దగ్గరికొచ్చారు. చేతిలో పుస్తకం ఉంది. ఆయన మంచివాడే. ఫోను మోగితే మాత్రం కుర్చీలోంచి లేచి నిలబడి మాట్లాడతాడు, అవతలున్నది ఎవరన్నది తరవాత సంగతి.

“అప్పలకొండమ్మా, ఇది కొంచెం అర్జెంటు. సాయంత్రానికల్లా సంతకాలు కావాలి. ఫోటో తీసి పంపాలి.”

“ఏటి మేస్టారూ, మళ్ళీ మరుగుదొడ్లేనా?”

“ఆఁ, అలాంటిదే,” అన్నారాయన పొయ్యికేసి చూస్తూ.

అప్పలకొండమ్మ గిన్నెలు కడిగి బోర్లించి, పుస్తకం కొంగులో చుట్టుకుని బయలుదేరింది. చైర్‌పర్సన్ కాసులమ్మ గేదెకి కుడితి పెడుతోంది. కొడుకూ కోడలూ సబ్బవరంలో పనిలో ఉంటే మూడో తరగతి చదివే మనవణ్ణి తన దగ్గర పెట్టుకుంది, ఆ పిల్లాడి సంరక్షకురాలిగానే కమిటీలోకొచ్చింది. తడి చెయ్యి చీరకి తుడుచుకుని, ‘కా’ రాసి దానికి పొడుగాటి తోక తగిలించింది. వైస్ చైర్మన్ కొర్లయ్య నడుం పట్టేసి మంచం మీద మూలుగుతున్నాడు, పడుకునే గీకాడు. అప్పలకొండమ్మ కోడలు సత్యలక్ష్మి కూడా సభ్యురాలే. సాయంత్రం బస్సు దిగి అరుగు మీద కూలబడి, చెప్పులైనా విప్పకుండా పెట్టేసింది. చీకటి పడకముందే పదిహేనుకి పదిహేనూ అయ్యాయి. పుస్తకం మేస్టారింటికి చేరింది.

ఆ సంతకాలు ఏం చేశాయో వేసవి సెలవులిచ్చే రోజున బయటపడింది.

మార్కుల కార్డులు ఇచ్చారు. రెండు, మూడు, నాలుగు తరగతుల పిల్లల కార్డుల అడుగున ఎర్ర సిరాతో ఒక ముక్క రాసుంది: జూన్ నుంచి మోడల్ ప్రైమరీ స్కూలుకి వెళ్ళవలెను. ఆ స్కూలు పెదగెడ్డపాలెంలో ఉంది. పెదగెడ్డపాలెం అచ్యుతాపురం రోడ్డుకి అవతల. ఆ రోడ్డు మీద పొద్దున్న ఎనిమిదిన్నర వేళ కంపెనీ బస్సులు ఒకదాని తోక పట్టుకుని ఒకటి పోతుంటాయి. పెద్దవాళ్ళు దాటాలంటేనే పావుగంట నిలబడాలి.

అప్పలకొండమ్మ మనవరాలు ధనశ్రీ రెండు పూర్తిచేసి మూడులోకొచ్చింది. దాని కార్డు మీద కూడా ఆ ఎర్ర ముక్క ఉంది. ఏడేళ్ళ గుంట, చెప్పు ఊడితే రోడ్డు మధ్యలోనైనా ఆగి తొడుక్కునే రకం.

అరగంటలో బడి నిండిపోయింది. మీటింగంటే రాని ఊరు తగువంటే వచ్చేసింది.

“ఎవులనడిగి పంపేత్తన్నారు మేస్టారూ మా పిల్లల్ని?” అని కాసులమ్మ కేకలేసింది.

“నేను పంపడమేమిటమ్మా? మీ కమిటీ తీర్మానం చేస్తేనే కదా,” అని సూర్యనారాయణ గారు పుస్తకం తెరిచి, గొంతు సవరించుకుని చదివారు. “చైర్‌పర్సన్ శ్రీమతి కాసులమ్మ గారి అధ్యక్షతన సమావేశము ఉదయం పదకొండు గంటలకు పాఠశాల ఆవరణలో జరిగినది. అధ్యక్షురాలు మాట్లాడుతూ మూడు, నాలుగు, ఐదు తరగతులను మోడల్ పాఠశాలకు తరలించవలసిన ఆవశ్యకతను వివరించిరి. వైస్ చైర్మన్ శ్రీ కొర్లయ్య గారు బలపరచిరి. సభ్యులందరూ హర్షధ్వానాల మధ్య ఏకగ్రీవముగా ఆమోదించిరి.”

కాసులమ్మ గుంపులోంచి ముందుకొచ్చింది.

“నానా? ఇవరించేనా?” అంది కాసులమ్మ. “సంతకం ఎట్టిన యేలకి నాను గేదికి కుడితెడతన్నాను. గేదికేటైనా ఇవరించేనేమో గానీ మనుసులకి ఇవరించనేదు.”

“నానేటి బలపరిసేను?” అన్నాడు కొర్లయ్య. “నడుం పట్టేసి పడుంటే నన్నే ఇద్దరు బలపరిసి కూకోబెట్టేరు.”

ఎవరో నవ్వబోయి ఆగిపోయారు. అందరి కళ్ళూ మెల్లిగా వంటపాక వైపు తిరిగాయి. ఎవరూ ఏమీ అనలేదు. అనుంటే బాగుండేది. అప్పలకొండమ్మ గరిటె చేత్తో పట్టుకుని అలాగే నిలబడింది. పదకొండేళ్ళలో ఎన్ని గుమ్మాలు, ఎన్ని సంతకాలు! తను తెచ్చింది గనక పెట్టారు. తను తేకపోతే పెట్టేవాళ్ళు కాదు.

“పైనుంచి ఫోనొచ్చిందమ్మా,” అన్నారు మేస్టారు నెమ్మదిగా. “నమూనా కూడా వాళ్ళే పంపారు. పేర్లు మాత్రం నేను రాశాను.”

ఆ సాయంత్రం సత్యలక్ష్మి బస్సు దిగి, కార్డు చూసి, అత్తగారి ఎదురుగా కూర్చుంది. మందుల కంపెనీలో కోడలి పని ఏమిటంటే, కడిగిన డబ్బాలు సరిగ్గా కడిగారో లేదో చూసి కాగితం మీద సంతకం పెట్టడం.

“కంపెనీలో ఒక్క డబ్బాకి మూడు కాయితాలు సదవాల అత్తా. సదవకుండా సంతకం ఎట్టినట్టు తెలిత్తే ఆ రోజే ఇంటికి పొమ్మంటారు. డబ్బాకి అంత సూత్తాను. నా కూతురి బడిని తీసుకెళ్ళి రోడ్డవతల ఎట్టేమంటే మాత్రం కళ్ళు మూసుకుని ఎట్టేసేను.”

“నాను తెత్తే ఎట్టేవు.”

“నువ్వు తెత్తే ఇసమైనా తాగేత్తాను. అదే కదా మరి వచ్చిన సిక్కు!”

అప్పలకొండమ్మకి ఆ మాట మెచ్చుకోలో దెప్పుడో తెలియలేదు. రెండూ అయ్యుంటాయి. సత్యలక్ష్మి లేచి, ట్రంకుపెట్టె అడుగునుంచి ట్రైనింగులో ఇచ్చిన పుస్తకం తీసింది. ఇంకా ఆకు విడదీయని కొత్తపుస్తకం. పేజీ పేజీ చదువుకుంటూ పోయి ఒకచోట వేలు పెట్టింది. సగం మందికి తక్కువ కాకుండా హాజరైతేనే అది సమావేశం. కమిటీ తాను చేసిన తీర్మానాన్ని తానే మళ్ళీ చర్చించి మార్చుకోవచ్చు.

“ఇన్ని అధికారాలున్నాయేటే మీకు?” అంది అప్పలకొండమ్మ.

“ఉన్నాయి గాని, మాకు సెప్పిన రోజున మేం కూర గురించి మాటాడుకున్నాం.”

మర్నాడు కాసులమ్మ, కొర్లయ్య, అప్పలకొండమ్మ ఆటో ఎక్కి అనకాపల్లిలో విద్యాశాఖ ఆఫీసుకి వెళ్ళారు. అప్పలకొండమ్మ ఎందుకంటే, పుస్తకం కొంగులో చుట్టుకోవడం అలవాటైన మనిషి ఆవిడే. అక్కడి ఆఫీసరు నెమ్మదైన మనిషి, బల్ల మీద ఫైళ్ళు గోడలా పేర్చుకుని వాటి మధ్యలోంచి చూస్తున్నాడు. ముగ్గురికీ కుర్చీలు వేయించాడు.

“మీ తరగతులు నేను తీయలేదమ్మా,” అన్నాడు. “మీరు తీశారు. కమిటీ తీర్మానమంటే ఆషామాషీ కాదు. దాన్ని కొట్టేసే అధికారం నాకెక్కడిది?”

అప్పలకొండమ్మ రాత్రంతా ఒక మాట కూడబలుక్కుంది. కుర్చీలోంచి లేచి ఆ మాట అనేసింది. “బాబూ, నాను బడిలో వంట సేసే అప్పలకొండమ్మని. ఆ మీటింగు జరగనేదు. పుస్తకం నానే తిప్పేను. తప్పు నాది. నన్నేటైనా సెయ్యండి గానీ పిల్లల్నొగ్గీండి.”

ఆఫీసరు కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. పుస్తకం అందుకుని వెనక్కి తిప్పడం మొదలుపెట్టాడు. “ఇదిగో, కుళాయి వేయించాలని తీర్మానం. ఇది ప్రహరీగోడ. ఇది మీ వంటపాక. ఈ మీటింగులకి ఎవరెవరొచ్చారు?” కొర్లయ్య నడుం నొక్కుకున్నాడు. ఇంకా వెనక్కి తిప్పాడు. “ఇదిగో, పదకొండేళ్ళ కిందట నిన్ను వంటకి పెట్టిన తీర్మానం. ఏకగ్రీవం. దీనికెవరొచ్చారమ్మా?”

అప్పలకొండమ్మకి ఆ రోజు బాగా గుర్తు. పుస్తకం అప్పటి వంటమనిషి తిప్పింది, మోకాళ్ళు నొప్పులని కూర్చుంటూ లేస్తూ. సంతకం పెట్టించుకున్న ప్రతి ఇంటా, నా తరవాత ఈ పిల్లేనని చెప్పింది. మీటింగుకి ఎవరొచ్చారు? ఎవరూ రాలేదు.

“ఒక్క మీటింగు అబద్ధమని రాసిస్తే అన్నీ అబద్ధమే అవుతాయి,” అన్నాడు ఆఫీసరు. “గోడ పడగొట్టక్కర్లేదనుకో. కానీ నువ్వు, మీ మేస్టారు, ఆ ముందు మేస్టర్లు, అందరూ జవాబు చెప్పాలి. రాసిస్తావా?”

అప్పలకొండమ్మ నోరు తెరిచేలోపల కాసులమ్మ ఆవిడ చెయ్యి పట్టుకుని కిందకి లాగింది. ఇక కొర్లయ్య అందుకున్నాడు.

“దానికేటి తెల్సు సార్, అది మెంబరు కాదు. మీటింగు జరిగింది. బెమ్మాండంగా జరిగింది. నాను బలపరిసేను.”

“నానిగ్గోండి, ఇవరించేను,” అంది కాసులమ్మ.

ఆఫీసరు ఊపిరి పీల్చుకున్నాడు. జరగలేదంటే ఆయన పైవాళ్ళకి జవాబు చెప్పుకోవాలి మరి. “అయితే మంచిది. సక్రమంగా జరిగిన తీర్మానాన్ని సక్రమంగా రద్దు చేసుకోండి. మీటింగు పెట్టండి, కారణాలు రాయండి, వచ్చినవాళ్ళందరి సంతకాలతో ఎల్లుండి సాయంత్రం ఐదులోపల నా బల్ల మీద ఉంచండి. ఆ తరవాత లిస్టు పైకి వెళ్ళిపోతుంది.”

అలా, జరగని మీటింగు జరిగిందని ఒప్పుకుంటే తప్ప జరగాల్సిన మీటింగు జరగని పరిస్థితి వచ్చింది. తిరిగొస్తూ ఆటోలో అప్పలకొండమ్మ పుస్తకం ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఊరి మలుపు దగ్గర, “నన్ను మెంబరు కాదనీసేవు గదరా,” అంది కొర్లయ్యతో.

“కాదు గదప్పా!”

“కాదనుకో.”

ఎల్లుండి పొద్దున్న ఎనిమిదింటికి మీటింగు. పదిహేను మందిలో పదమూడు మంది వచ్చారు. వచ్చారు గానీ ఎలా కూర్చోవాలో ఎవరికీ తెలియలేదు. మగవాళ్ళు గోడవారగా నిలబడ్డారు, ఆడవాళ్ళు మెట్ల మీద చేరారు, చైర్‌పర్సన్ని కుర్చీలో కూర్చోమంటే కాసులమ్మ సిగ్గుపడి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. ఆ వారం సత్యలక్ష్మిది మధ్యాహ్నం షిఫ్టు, అందుకని వచ్చింది. సూర్యనారాయణ గారు తెల్లచొక్కా వేసుకున్నారు. “ఇరవై రెండేళ్ళ సర్వీసులో మీటింగు చూడడం నాకిదే మొదటిసారి,” అన్నారాయన, నిజంగానే సంబరంగా.

మొదటి ముప్పావుగంట గుడ్ల గురించి జరిగింది. గుడ్లు చిన్నవొస్తున్నాయని ఒకరు, పెద్దవి వంటపాకలోనే ఆగిపోతున్నాయేమోనని ఇంకొకరు. కొత్తగా దొరికిన అధికారం కదా, చేతికి దగ్గరగా ఉన్నదాని మీద ముందు ప్రయోగించి చూశారు. అప్పలకొండమ్మ వంటపాక గుమ్మంలోంచే జవాబు చెప్పింది. “పెద్దవి తింటే నానిలాగుంటానేటి?” అని. ఈనెపుల్లలాంటి మనిషి, అందరూ ఒప్పుకున్నారు.

తరవాత అసలు సంగతి. రోడ్డు గురించి కాసులమ్మ చెప్పింది, ఈసారి నిజంగానే వివరించింది. సత్యలక్ష్మి తన పుస్తకం చూసి కారణాలు ఒక్కొక్కటే చెప్పింది. అంతా సరేనంటున్నారు అనుకునేలోపల గోడవారనుంచి చంటిబాబు చెయ్యెత్తాడు. చంటిబాబుకి ఆటో ఉంది. కొడుకు మోహిత్ నాలుగు చదివి ఐదులోకొచ్చాడు.

“నానొప్పుకోను,” అన్నాడు. “ఐదు తరగతులకి ఇద్దరు మేస్టర్లు. ఒకరు సెలవెడితే ఇంకొకరు పాఠం సెప్పరు, కాపలా కాత్తారు. అవతల తరగతికో టీచరు. నా గుంటడు నాలుగు సదివి తెలుగు కూడబలుక్కుంటన్నాడు. పంపీండి. రోడ్డంటే బయమైతే నా ఆటోలో దిగబెడతాను, అందర్నీ దిగబెడతాను.”

“ఎప్పుడు బావా? నీ ఆటో స్టార్టయిన రోజునా?” అన్నాడు కొర్లయ్య.

ఫక్కున నవ్వారందరూ. నవ్వారు గానీ, ఇద్దరు మేస్టర్ల మాటకి జవాబు మాత్రం ఎవరూ చెప్పలేదు. సూర్యనారాయణ గారు తలొంచుకుని కలం మూత తీసి పెడుతున్నారు. చేతులెత్తించి లెక్కబెట్టారు. తరగతులు ఇక్కడే ఉండాలని తొమ్మిది, పంపేయాలని నాలుగు. పుస్తకంలో రాయడం మొదలైంది. సత్యలక్ష్మి పక్కనే కూర్చుని, వివరించిరి బలపరచిరి వద్దు మేస్టారూ, అన్న మాట అన్నట్టు రాయండి అని చెప్పి రాయించింది. చంటిబాబు మాట కూడా రాయాల్సిందే అంది. రెండు పేజీలొచ్చింది.

రాసి తలెత్తి చూసేసరికి బడిలో ఎవరూ లేరు. ఒకరు చేలోకి, ఒకరు ఇంటికి, ఒకరు స్టాండుకి.

“అయ్యో, సంతకాలు!” అన్నారు మేస్టారు.

గేటు దాటుతున్న కాసులమ్మ వెనక్కి తిరక్కుండానే, “అప్పలకొండ పుస్తకం తెత్తాది కదా మేస్టారూ,” అంది.

పది దాటింది. సాయంత్రం ఐదులోపల అనకాపల్లి చేరాలి. అప్పలకొండమ్మ పుస్తకం కొంగులో చుట్టుకుని బయలుదేరింది. మొదటి గుమ్మం కాసులమ్మదే.

“సదువు,” అంది కాసులమ్మ.

“ఏటి సదివేది? నువ్వే కదా వదినా అక్కడ కూకున్నావు!”

“కూకున్నాను. నాను కూకున్నదే రాసేరో, మళ్ళీ ఇంకేటైనా ఇవరించేనని రాసేరో ఎవులికి తెల్సు? సదివితేనే ఎడతాను.”

రెండో గుమ్మంలోనూ అదే మాట. మూడో గుమ్మంలో మంచినీళ్ళు కూడా ఇవ్వకుండానే, సదువు అన్నారు. పదకొండేళ్ళు ఆవిడ మొహం చూసి సంతకం పెట్టిన ఊరు ఇవాళ ఆవిడ చేతిలో పుస్తకం చూసి చేతులు వెనక్కి కట్టుకుంది. కోపం రావలసిందే. రాలేదు. మొదటిసారే ఇలా అడిగుంటే ఈ తిప్పలే లేకపోను అనిపించింది గానీ, అప్పుడడిగి ఉంటే కోపం వచ్చేదని కూడా అనిపించింది.

రెండో తరగతి చదువుతో ఆ రాత చదవడం తన వల్ల కాదు, గబగబా ఇంటికి వెళ్ళింది. సత్యలక్ష్మి షిఫ్టుకి తల దువ్వుకుంటోంది.

“బస్సెన్నింటికే?”

“ఒంటిగంటకి.”

“అయితే ఇది మూడుసార్లు సదువు. బేగి.”

సత్యలక్ష్మి మూడుసార్లు చదివింది. అంతకన్నా అక్కర్లేదు. ఏ యింటి కోడలు ఏ ఊరినుంచి, ఏ సంవత్సరం, ఏ రంగు చీరలో వచ్చిందో చెప్పగల మనిషికి రెండు పేజీలు ఒక లెక్కా? కోడలి చేత సంతకం పెట్టించి, ఆవిడ మళ్ళీ రోడ్డెక్కింది.

ఇక ప్రతి గుమ్మంలోనూ పుస్తకం తెరిచి, చూపు దాని మీద పెట్టి, గడగడా అప్పజెప్పింది. గేదెల పాకలో ఒకసారి, చెరకు గట్టు మీద ఒకసారి, బావిచప్టా దగ్గర ఇద్దరికి కలిపి ఒకసారి. విన్నవాళ్ళు ఊరికే వినలేదు. ఆ ముక్క మళ్ళీ సెప్పు అన్నారు. నా పేరు ఆడి పేరు తరవాతెందుకు రాసేరన్నారు. కొర్లయ్య అయితే బావ ఆటో మీద తను వేసిన హాస్యం కూడా పుస్తకంలో ఉండాలని పట్టుబట్టాడు. అది తీర్మానం కాదురా అంటే అరగంట అలిగాడు. పొద్దున్న ఒక్కసారి జరిగిన మీటింగు గుమ్మం గుమ్మానా మళ్ళీ జరిగింది, ప్రతిసారీ కొంచెం ఎక్కువగానే.

పన్నెండు సంతకాలయ్యేసరికి మూడున్నర దాటింది. మిగిలింది చంటిబాబు. రోడ్డు మీద స్టాండులో ఆటోలో పడుకుని ఉన్నాడు.

“సదువత్తా,” అన్నాడు లేవకుండానే.

రెండు పేజీలుందిరా అని పుస్తకం తెరిచి అప్పలకొండమ్మ చదివింది. అదే, చెప్పింది. సగంలో చంటిబాబు ఒక కన్ను తెరిచాడు.

“రెండు పేజీలన్నావు. పేజీ తిప్పనేదేటి?”

అప్పలకొండమ్మ ఆగలేదు. పేజీ తిప్పింది. తిప్పి, చంటిబాబు మాట దగ్గరకొచ్చి, వాడన్నది వాడన్నట్టే, ఆ గొంతుతోనే చెప్పింది. ఐదు తరగతులకి ఇద్దరు మేస్టర్లు, ఒకరు సెలవెడితే ఇంకొకరు పాఠం సెప్పరు, కాపలా కాత్తారు, నా గుంటడు నాలుగు సదివి తెలుగు కూడబలుక్కుంటన్నాడు.

చంటిబాబు లేచి కూర్చున్నాడు. “ఇది రాసేరా?”

“రాసేరు. ఇదిగో, ఇక్కడే ఎక్కడో ఉంటాది.”

వాడు పుస్తకం తీసుకుని వెతుక్కున్నాడు. దొరికింది. వేలితో రెండుసార్లు చదువుకున్నాడు, పెదాలు కదుపుతూ. అచ్చంగా తన మాట, తన పేరు కింద, ప్రభుత్వం పుస్తకంలో. సంతకం పెట్టాడు. పెట్టి, “నానిప్పటికీ ఒప్పుకోను,” అన్నాడు.

“ఒప్పుకోనేదనే రాసుంది.”

“ఆపీసుకెలా ఎల్తావు?”

“బస్సుకి.”

“బస్సుకెళ్తే ఐదున్నరవుద్ది. ఎక్కు.”

ఆటో స్టార్టు కాలేదు. ఇద్దరూ కలిసి తోశారు. తీర్మానం కాదన్నవాడు ముందు చక్రం దగ్గర, తీర్మానంలో పేరే లేని మనిషి వెనకాల.

ఐదుకి పది నిమిషాలుందనగా ఆఫీసరు పుస్తకం అందుకున్నాడు. మొదటినుంచి చివరిదాకా చదివాడు. చదువుతున్నకొద్దీ ఆయన కనుబొమలు పైకి పోయాయి.

“ఇదేమిటమ్మా, నలుగురు వ్యతిరేకమా? ఈ మండలంలో నా దగ్గరికొచ్చే తీర్మానాలన్నీ ఏకగ్రీవమే. ఇలా ఉంటే పైవాళ్ళు అసలు మీటింగు జరిగిందా అని అడుగుతారు. ఏకగ్రీవమని రాయించి తెస్తే సులువుగా పోయేది.”

“ఏకగ్రీవం కావాలంటే పాతది ఉంది కదా బాబూ,” అంది అప్పలకొండమ్మ.

ఆఫీసరు ఆవిడకేసి ఒక నిమిషం చూశాడు. తరవాత ముద్ర వేశాడు.

జూన్‌లో బడి తెరిచేనాటికి పైనుంచి కాగితం వచ్చింది. కమిటీ అభిప్రాయాన్ని గౌరవించి, ఈ సంవత్సరానికి ఐదు తరగతులూ చినగెడ్డపాలెంలోనే ఉంటాయని. మేస్టర్లు మాత్రం ఇద్దరే. మూడో మేస్టారు కావాలని ఇంకో తీర్మానం చెయ్యాలని సత్యలక్ష్మి అంటోంది. ఎప్పుడు కూర్చోవాలన్న దాని మీద ఇంకా తేల్లేదు. మోహిత్‌కి వాళ్ళ నాన్న టీసీ తీసుకుని, పొద్దున్నే ఆటో తోసి, రోడ్డవతల దిగబెట్టి వస్తున్నాడు.

బడి తెరిచిన రోజు మధ్యాహ్నం పిల్లలు కంచాలతో లైను కట్టారు. అప్పలకొండమ్మ పొయ్యి దగ్గర చెమట తుడుచుకుని, మూడో తరగతి పిల్లల్ని ఒక్కొక్కరినే చూసుకుంటూ వడ్డిస్తోంది. అందరూ ఉన్నారు. ఆవిడకి కడుపు నిండినట్టుంది. ధనశ్రీ వంతు వచ్చింది. మొహం ముడుచుకుని, కంచం ఛాతీకి ఆనించుకుని నిలబడింది.

“ఏటే? పొద్దున్నుంచీ మాటాడవు. ఒల్లు బాగోనేదా?”

“ఆ బడిలో ఉయ్యాలుందంట. మూడో తరగతికి ఏరే గది ఉందంట. మోహిత్ సెప్పేడు.” కంచం అంచు గోటితో గీకింది. “నాకు అక్కడికెల్లాలనుంది.”

“మరి సెప్పనేదేటే?”

“నన్నెవులడిగేరు?”

అప్పలకొండమ్మ గరిటె గిన్నెలోనే ఆగింది. “నువ్వు కమిటీలో మెంబరువి కాదు కదే అమ్మా,” అంది.

“నువ్వూ కాదు కదా!” అంది ధనశ్రీ.

వెనకాల లైనులో పిల్లలు కంచాలు మోగిస్తున్నారు. అప్పలకొండమ్మ ఆ పిల్ల కంచంలో అన్నం పెట్టి, పప్పు పోసి, గుడ్డు వేసి, తరవాతి కంచం కోసం మళ్ళీ గరిటె ముంచింది.